మంచాన ఉన్న మనిషి దగ్గర మొదలుపెట్టండి

అమ్మనో నాన్ననో వృద్ధాశ్రమంలో చేర్చాలని చాలాకాలం ఆలోచించి, బంధువుల చేత మాటలు పడి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చినవాళ్లు కొందరు ఈ ప్రసంగం వింటూ ఉండొచ్చు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్న చర్చ ఈరోజు పెట్టుకోను. ఉన్న ఒక్క కొడుకూ డాలస్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన ఇళ్లున్నాయి. పిల్లలే లేని దంపతులున్నారు. కూతురికే అరవై ఐదేళ్లు దాటి, మోకాళ్లు అరిగి, తొంభై ఏళ్ల తల్లిని మంచం మీంచి లేపలేని ఇళ్లున్నాయి. వీళ్లకు కావలసింది ఉపదేశం కాదు. ఊళ్లో నాలుగైదు ఆశ్రమాలున్నాయి, అందులో మనిషిని బాగా చూసుకునేది ఏదో ఎలా తెలుస్తుంది? వాళ్ల ప్రశ్న ఇది. పెద్దవాళ్ల సంరక్షణ పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసినంతవరకు దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మామూలుగా మనం ఆదివారం పదకొండు గంటలకు వెళ్తాం. మేనేజరు గారు ఆఫీసులో కూర్చోబెట్టి కాఫీ తెప్పిస్తారు. గదులు, తోట, పూజ గది, టీవీ హాలు తిప్పి చూపిస్తారు. హాల్లో తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ముగ్గురు నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. పలకరిస్తే ‘బాగానే చూసుకుంటున్నారమ్మా’ అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. దాహమేస్తే వాళ్లు లేచి వెళ్లి నీళ్లు తాగగలరు. కూరలో ఉప్పు లేకపోతే అడగగలరు. కొడుక్కి ఫోన్ చేసి కష్టం చెప్పుకోగలరు. అలాంటివాళ్లకు ఏ ఆశ్రమమైనా చాలావరకు బాగానే ఉంటుంది.

ఆశ్రమం పనితనం బయటపడేది వేరే చోట. వరండా చివరి గదిలో మంచం దిగలేని మామ్మగారు ఒకరుంటారు. పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఉండొచ్చు, మతిమరుపు ముదిరి కూతురి పేరే మరిచిపోయి ఉండొచ్చు. ఆవిడకు ఏం కావాలో ఆవిడ అడగలేదు. సరిగా చూడకపోతే ఎవరికీ చెప్పుకోలేదు. ఆవిడను ఎలా చూస్తున్నారో అదే ఆ ఆశ్రమం అసలు స్థాయి. ఈరోజు చేతికర్ర పట్టుకుని నడుస్తూ చేరిన నాన్నగారు మూడేళ్లకో నాలుగేళ్లకో అలాంటి మంచం మీదే ఉండొచ్చు. అందుకే చూడటం అక్కణ్నించి మొదలుపెట్టమంటాను.

దానికి ముందు ఒక మాట అడగాలి. ‘మంచాన పడితే ఉంచుకుంటారా?’ అని సూటిగా అడగండి. తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటాం అనే ఆశ్రమాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అలా చెప్పడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఒప్పంద పత్రంలో ఎక్కడో ఒక మూల, ‘ఆరోగ్యం క్షీణించినచో కుటుంబ సభ్యులు తీసుకువెళ్లవలెను’ అని ఒక వాక్యం ఉంటుంది. అడ్వాన్సు కట్టే తొందరలో దాన్ని చదవం. తీరా తుంటి ఎముక విరిగాక, ఆసుపత్రి నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక అంబులెన్సు దగ్గర నిలబడతాం.

ఇక ఆ చివరి గది. అది ఒకరి ఇల్లు. తలుపు దగ్గర ఆగి, ‘మామ్మగారూ, లోపలికి రావచ్చా?’ అని అడిగే వెళ్లాలి. జవాబు రాకపోయినా అడగాలి. వెంట వచ్చిన ఆయా అలా అడిగిందో లేదో కూడా గమనించండి. మంచం పక్కన నీళ్ల గ్లాసు ఎక్కడుందో చూడండి. కిటికీ గట్టు మీద, చేయి అందనంత దూరంలో, మూత పెట్టి ఉందంటే ఆ నీళ్లు ఎవరో వచ్చి తాగించేదాకా లేనట్టే. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. పైగా తాగితే బాత్‌రూమ్‌కు తీసుకెళ్లమని ఒకళ్లను పిలవాలి కదా అని నీళ్లు మానేసే పెద్దవాళ్లు ఎంతోమంది. ఒంట్లో నీరు తగ్గి, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, ఉన్నట్టుండి సంధి మాటలు మొదలవుతాయి. అందరూ మతి పోయిందనుకుంటారు.

కళ్లజోడు ఎక్కడుంది? చెవి మెషిన్ పెట్టారా? పెట్టినా అందులో బ్యాటరీ పనిచేస్తోందా? కట్టుడు పళ్ల డబ్బా మీద అవి ఎవరివో తెలిసేలా పేరు రాసి ఉందా? ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. బ్యాటరీ అయిపోయిన చెవి మెషిన్‌తో నెలల తరబడి కూర్చున్న పెద్దాయన్ను ‘పలకడు, ఏమీ తెలియదు’ అని పక్కన పెట్టేస్తారు. ఆయనకు అన్నీ తెలుసు, వినపడదంతే.

పక్కపుండ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బెడ్ సోర్లు అంటాం కదా, అవే. పిరుదుల పైన వెన్ను చివర, తుంటి పక్కన, మడమల దగ్గర, ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, నెత్తురు ఆడక పుట్టే పుండ్లు. మంచంలోనే ఉన్న మనిషిని ఇంచుమించు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ నేర్పుతారు. మొదటి దశలో చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కి వదిలితే తెల్లబడదు. పుస్తకాల్లో ఉండేది ఇదే. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనపడదు. చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కన్నా వెచ్చగా, గట్టిగా ఉన్నా, మెత్తగా గుజ్జులా తగిలినా పుండు మొదలైందనే అర్థం. ఆ దశలో పట్టుకుంటే, ఆ చోట బరువు పడకుండా చూస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. చర్మం చిట్లి లోపలికి తిన్నదంటే నెలలు పడుతుంది, కొందరికి ప్రాణం మీదకే వస్తుంది.

వేరేవాళ్ల తల్లి ఒళ్లు చూపించమని అడిగే హక్కు మనకు లేదు. ఇన్‌ఛార్జి నర్సును మాత్రం అడగొచ్చు. ‘ఇప్పుడు పక్కపుండ్లతో ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఇక్కడికి వచ్చాక పుండు పడినవాళ్లెందరు?’ తడుముకోకుండా లెక్క చెప్పి, ఏం చేస్తున్నారో వివరించే నర్సు ఉన్న చోటు మంచిది. పడిపోవడం గురించి కూడా అంతే. అరవై ఐదేళ్లు దాటినవాళ్లలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అలాంటప్పుడు ‘మా దగ్గర ఇంతవరకు ఎవరూ పడలేదండీ’ అని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. అక్కడ పడినవాళ్ల సంగతి రాసి పెట్టడం లేదు. ఎవరు, ఎన్ని గంటలకు, ఎక్కడ పడ్డారో రిజిస్టరులో రాసుకునే చోట, తెల్లవారుజామున బాత్‌రూమ్ దారిలోనే ఎక్కువమంది పడుతున్నారని తెలుస్తుంది. తెలిస్తే అక్కడ రాత్రి దీపం పెడతారు, గోడకు పట్టుకునే కడ్డీ బిగిస్తారు.

సంరక్షణ నాణ్యతను ఎలా కొలవాలన్న ఆలోచనకు ఒక దారి చూపినవాడు అవెడిస్ డొనబేడియన్ అనే వైద్యుడు. బీరూట్‌లో పుట్టిన ఆర్మేనియన్, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1966లో రాసిన వ్యాసంలో మూడు చోట్ల చూడమన్నాడు. ఏం ఉన్నాయి, ఏం చేస్తున్నారు, మనిషికి చివరికి ఏమైంది. గదులు, మంచాలు, సిబ్బంది మొదటి దాంట్లోకి వస్తాయి. తిప్పడం, తినిపించడం, మందులివ్వడం రెండోది. పుండు, బరువు, నొప్పి, మనశ్శాంతి మూడోది. మనం ఆదివారం చూసి వచ్చేదంతా మొదటిదే. టైల్స్, లిఫ్టు, ఏసీ. అవి అక్కర్లేదని కాదు, బాత్‌రూమ్‌లో జారే టైల్స్ వేసిన చోట ఎంత మంచి ఆయా ఉన్నా కాలు విరుగుతుంది. కానీ డబ్బు పెడితే ఒక్క నెలలో తయారయ్యేవి అవే, కాబట్టి చూపించేదీ వాటినే.

రెండోదాన్ని చూడాలంటే కొంచెం లెక్క వేయాలి. మింగడం కష్టమైన మనిషికి జావో మెత్తటి పప్పన్నమో తినిపించడానికి అరగంట పడుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, తినిపించేవాళ్లు ఎదురుగా కూర్చుని, ఒక ముద్ద దిగిందని గొంతు కదలిక చూసుకుని ఇంకో చెంచా పెట్టాలి. తిన్నాక కూడా ఓ అరగంట పడుకోబెట్టకూడదు, లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లు ఆరుగురు ఉండి ఒక్క ఆయా ఉంటే, ఒక్క పూట తిండికే మూడు గంటలు. ఆవిడకు మూడు గంటలు ఎక్కడివి? నిలబడి, పడుకున్న మనిషి నోట్లో గబగబా చెంచా కుక్కుతుంది. ఆవిడ చెడ్డది కాదు. లెక్క కుదరదు, అంతే. రాత్రి కూడా వేసి చూడండి. మంచాన ఉన్నవాళ్లు ఐదుగురు, ఒక్కొక్కరిని తిప్పి డైపర్ మార్చడానికి పది నిమిషాలు. ప్రతి రెండు గంటల్లో యాభై నిమిషాలు ఆ పనికే పోతాయి. ఈలోగా పై అంతస్తులో తాతగారు బెల్ కొడితే? బరువైన మనిషిని తిప్పడానికి రెండో మనిషి కావాల్సి వస్తే? అందుకే ‘స్టాఫ్ ఎంతమంది?’ అని అడిగితే సరిపోదు. ‘రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మెలకువగా ఎంతమంది ఉంటారు?’ అని అడగాలి. వాళ్లకు షిఫ్టు ఎన్ని గంటలు, జీతం నెలనెలా అందుతోందా, ఎన్నేళ్లుగా ఇక్కడే ఉన్నారు అని కూడా అడగండి. ఆయాలు మూణ్నెల్లకోసారి మారిపోయే చోట పెద్దవాళ్ల అలవాట్లు తెలిసిన మనిషి ఎవరూ మిగలరు.

రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారు? దీన్ని చాలామంది అడగరు. పగటి సిబ్బంది ఇళ్లకు పోవాలి కాబట్టి చాలా చోట్ల సాయంత్రం ఆరింటికే వడ్డించేస్తారు. మళ్లీ టిఫిను ఎనిమిదిన్నరకు. మధ్యలో పద్నాలుగున్నర గంటలు. షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లకు, ఇన్సులిన్ చేసుకున్నవాళ్లకు తెల్లవారుజామున షుగర్ పడిపోతే చెమటలు పట్టి స్పృహ తప్పుతారు. నిద్రపోతున్నారనుకుంటారు. అమెరికాలో నర్సింగ్ హోముల నిబంధనల్లో రాత్రి భోజనానికీ పొద్దుటి ఫలహారానికీ మధ్య మామూలుగా 14 గంటలు మించకూడదని రాసి ఉంది. మన దగ్గర అలా రాసి ఉన్నా లేకపోయినా, పడుకోబోయే ముందు ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఇవ్వమని అడగడానికి నిబంధనే అక్కర్లేదు. బరువు నెలకోసారి చూస్తున్నారా అని కూడా అడగండి. కారణం లేకుండా నెలలో నూటికి ఐదు వంతులు, ఆరు నెలల్లో పది వంతులు తగ్గితే అది వయసు ప్రభావం కాదు, ఎక్కడో లోపం ఉంది. యాభై కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గడమన్నమాట.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే కష్టంగా ఉంటుంది. చీర కొంగుతోనో దుప్పటితోనో పెద్దవాళ్లను కుర్చీకి, మంచానికి కట్టేసే చోట్లున్నాయి. ‘పడిపోతారండీ, వాళ్ల మంచికే’ అంటారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది చనిపోయారు. అది వృద్ధాశ్రమం కాదు. కట్టేసిన మనిషికి ఆపద వేళ ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కట్టేస్తే కాళ్లలో బలం పోతుంది, పుండ్లు పడతాయి, విడిపించుకోబోయి మెడకు చుట్టుకుంటుంది. అమెరికాలో 1987లో వచ్చిన చట్టం, క్రమశిక్షణ కోసమో సిబ్బంది సౌకర్యం కోసమో నర్సింగ్ హోముల్లో మనుషులను కట్టేయడానికి వీల్లేదంది. తాడు లేకుండా మందుతో కట్టేయడం ఇంకొకటి. సాయంత్రం అయ్యేసరికి కేకలేసే మతిమరుపు మనిషికి మగత మాత్ర వేసి పడుకోబెడతారు. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు మతిమరుపు ఉన్న వృద్ధుల్లో మరణాలను పెంచుతున్నాయని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటికి అతి తీవ్రమైన హెచ్చరిక తగిలించింది. డాక్టరు అవసరమని రాస్తే సరే. అడగాల్సింది ‘ఏ మాత్ర, ఎవరు రాశారు, ఎందుకు, ఎప్పుడు ఆపుతారు?’ అని. మధ్యాహ్నం మూడింటికి హాలంతా తలలు వాల్చి నిద్రపోతుంటే అది ప్రశాంతత అనుకోకండి.

మాట్లాడలేని మనిషి సుఖంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టామ్ కిట్‌వుడ్ బృందం ఒక పద్ధతి తయారుచేసింది. పరిశీలకులు హాల్లో ఒక మూల గంటల తరబడి కూర్చుని, ఐదు నిమిషాలకోసారి ఒక్కొక్కరూ ఏం చేస్తున్నారో, మొహంలో ఏ భావం ఉందో, ఎవరైనా వచ్చి పలకరించారో లేదో రాసుకుంటారు. శిక్షణ లేని మనం అంత పద్ధతిగా చేయలేం. ఒక గంట కదలకుండా కూర్చోవడం మాత్రం చేతనవుతుంది. ఆయా వచ్చి, ‘పెద్దమ్మా, పక్కకు తిప్పుతున్నా, చెయ్యి నా భుజం మీద వెయ్యి’ అని చెప్పి తిప్పిందా, మాటా పలుకూ లేకుండా ఫోను చెవికి ఆనించుకునే తిప్పేసిందా? డైపర్ మార్చేటప్పుడు తెర లాగిందా? నేనైతే మేనేజరు గారు చెప్పే అన్ని మాటల కన్నా ఈ గంటనే నమ్ముతాను.

1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోములో చేసిన ప్రయోగం గురించి చెప్పాలి. ఒక అంతస్తులో పెద్దవాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి, ‘కావాలంటే తీసుకోండి, మీరే పెంచుకోండి. గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో మీ ఇష్టం’ అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలు, సినిమా ఉన్నాయి, కానీ నీళ్లు పోసేది నర్సులు, సినిమా రోజు నిర్ణయించేది వాళ్లే. మూడు వారాలకే మొక్కలు తామే పెంచుకున్న అంతస్తువాళ్లు ఎక్కువ చురుగ్గా, ఉత్సాహంగా కనిపించారు. మన ఆశ్రమాల్లో ఈ ఇష్టం అన్నది ఎక్కడుందో చూడండి. నాలుగున్నరకు అందరినీ లేపి వరసగా స్నానాలు చేయిస్తున్నారా, ఏడింటి దాకా పడుకునే అలవాటున్నవాళ్లను పడుకోనిస్తున్నారా? కాఫీ తాగే మనిషికి కాఫీ దొరుకుతుందా? బీరువా తాళంచెవి వాళ్ల దగ్గరే ఉందా? దేవుడి పటం, ప్రార్థన పుస్తకం, నమాజు చాప వెంట తెచ్చుకోవచ్చా?

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చన్న మాట అందరూ విన్నారు. అదే చట్టం 19వ సెక్షన్, ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగే ఆశ్రమాలు పెట్టవచ్చనీ, వాటి నిర్వహణకు ప్రమాణాలు నిర్ణయించవచ్చనీ చెబుతోంది. డబ్బు తీసుకుని నడిపేవాటితో సహా ఆశ్రమాలన్నీ రిజిస్టరు చేసుకోవాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో ఒక సవరణ బిల్లు లోక్‌సభకు వచ్చింది. ఆ సభ కాలం ముగిసినా అది చట్టం కాలేదు. ఆ పని జరిగి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. హోటల్ వంటగదిని తనిఖీ చేయడానికి అధికారులున్నారు, మాట పడిపోయిన మామ్మగారి గదికీ ఎవరో ఒకరు రావాలి. అప్పటిదాకా తనిఖీ అధికారులు మీరే.

చేర్చాక ఆ పని ఇంకా పెరుగుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్ ఎప్పుడూ ఒకే వేళకు చేయకండి. ఆ వేళకు తల దువ్వి, పౌడరు రాసి కూర్చోబెడతారు. వేళ మార్చండి. మొహంతో పాటు పాదాలు, మడమలు చూపించమనండి, కానీ ముందు అమ్మను అడిగి. ఊళ్లో ఉన్న పిన్నినో స్నేహితుణ్నో చెప్పకుండా వెళ్లి చూడమనండి, ఒకసారి పొద్దున ఏడున్నరకు, ఒకసారి రాత్రి భోజనం వేళ. ముందు చెప్పి రావాలని పట్టుబట్టే చోటైతే అది చేరే ముందే తెలుసుకోవాలి. వెళ్లిన మనిషి అమ్మ ఒక్కర్తే ఉన్నప్పుడు మాట్లాడాలి. ఆయా పేరు, ఆవిడ పిల్లల చదువు అడిగి తెలుసుకోవాలి. ఆ పలకరింపు అమ్మ దగ్గరికే తిరిగొస్తుంది.

ఏదైనా తేడా కనిపిస్తే, ఒంటి మీద కమిలిన మచ్చ, తగ్గిన బరువు, ఎవరైనా దగ్గరికొస్తే ముడుచుకుపోవడం, వెంటనే వేరే ఆశ్రమానికి మార్చేద్దామనిపిస్తుంది. కొట్టడం, కట్టేయడం లాంటివైతే ఆలస్యం చేయకూడదు, పోలీసులకు చెప్పాలి. లోపం అయితే మాత్రం ముందు ఇన్‌ఛార్జితో మాట్లాడండి. మార్చడమంటే తెలిసిన మొహాలన్నీ ఒక్కసారి పోవడం, మతిమరుపు ఉన్నవాళ్లను అది బాగా కుంగదీస్తుంది. ఏం గమనించారో తేదీతో కాగితం మీద రాసి ఇవ్వండి, ఎప్పటిలోగా సరిచేస్తారో రాయించుకోండి, ఆ తేదీకి వెళ్లి చూడండి. అయినా మారకపోతే వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, ఎల్డర్‌లైన్. నంబరు 14567, ఛార్జీ లేదు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. ఫోన్ ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్లు కూడా చేయవచ్చు. వాళ్ల దిండు పక్కన ఒక కాగితం మీద ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు.